మాల్కౌన్స్ అంటే మన హిందోళమే!

సంగీతం తమకు బొత్తిగా రాదని చెప్పేవారికి నేనొక చిన్న పరీక్ష పెడుతూ వుంటాను. "హిందోళ రాగం ఎలా వుంటుందో కాస్త అందుకోండి" అంటాను. "అమ్మో, మాకు రాగాలేమిటండీ!" అని తప్పుకుంటారు. "పోనీండి, 'బైజూ బావ్‌రా'లో మహమ్మద్ రఫీ పాడిన 'మన్ తడ్‌పత్' పాట జ్ఞాపకం వుందా?" అని అడుగుతాను. అంతే! ముఖం వికసిస్తుంది, తల ఆడుతుంది, కూనిరాగం బయలుదేరుతుంది. ఆ కూనిరాగమే హిందోళం. ఉత్తరాదివారు దాన్నే మాల్కౌన్స్ అంటారు. త్యాగరాజస్వామివారి 'సామజవరగమన' కీర్తనకూ ఆ సినిమా పాటకూ స్వరాలు ఒకటే. స, గ, మ, ద, ని - అయిదే అయిదు. రిషభ పంచమాల జోలికి రెండూ పోవు.

హిందీ చిత్రాల్లోని శాస్త్రీయ రాగాల పాటలు పైదేశం వారి సొత్తనీ, వాటికీ మన సంగీతానికీ పొత్తు లేదనీ అనుకునే పెద్దలు నాకు తెలిసి చాలామంది వుండేవారు; ఇప్పటికీ కొందరున్నారు. వారితో నాకు పేచీ. కచేరీ అనే మాట వినడమే గాని చూసి ఎరుగని మా పల్లెల్లో రాగమంటే ఇది అని చెవికి చెప్పిన బడి ఆ పాటలే. అంతకన్న తమాషా ఏమంటే, ఆ పాటల్లో కొన్నిటికి పుట్టిల్లు మన తెలుగు చిత్రాలే! ఆ సంగతికి తరువాత వస్తాను.

ముందుగా ఒక హెచ్చరిక. రాగాల పేర్లను నమ్ముకున్నారా, మోసపోయారే! కొన్ని జతలు సులభం. వారి భూపాలి మన మోహన. వారి యమన్ మన కల్యాణి. వారి భైరవ్ మన మాయామాళవగౌళ. అహీర్ భైరవ్ చక్రవాకానికి దగ్గర, దుర్గ శుద్ధసావేరికి దగ్గర. ఇంతవరకు బాగానే వుంది. కాని వారి 'హిందోల్' మన హిందోళం కాదు. అది పూర్తిగా వేరే మనిషి. వారు తోడి అంటే మనకు వినిపించేది శుభపంతువరాళి స్వరాలు. మన తోడి స్వరాలు వారి భైరవిలో వినిపిస్తాయి. పోనీ ఆ భైరవి మన భైరవి అవునా అంటే, అదీ కాదు. ఒకే ఊళ్ళో ఒకే పేరుగల నలుగురు సుబ్బరాయుళ్ళుంటే పోస్టు జవాను పడే అవస్థ లాంటిది యిది. పైగా స్వరాలు ఒకటైనంత మాత్రాన నడక ఒకటి కాదు. మనవారు స్వరాన్ని గమకంతో ఊపుతారు. వారు ఒక స్వరం మీద నిలబడి, అక్కడినించి రెండోదాని మీదికి జారుతారు. అక్కచెల్లెళ్ళకు పోలికలు ఒకటే అయినా నడకలు వేరుగా వున్నట్టు.

ఇక మా పల్లె సంగతి. మాది కడప జిల్లాలో వేముల. పులివెందులకూ వేంపల్లెకూ నడుమ వుంటుంది. ముగ్గురాయి గనులకు పేరుపడ్డ చోటు. శెనక్కాయ పండితే పండుగ, లేకుంటే లేదు. అక్కడ సంగీత సభలూ లేవు, సంగీతం చెప్పే పంతులూ లేడు. అయినా 'మన్ తడ్‌పత్' పాట మొదటిసారి విన్నప్పుడు హిందీ ఒక్క ముక్క తెలియని రైతులు తలలూపారు. ఎలా సాధ్యమైంది? భాష తెలియకపోయినా ఆ వరస వారికి కొత్త కాదు గనుక.

దీనికి కారణం నాటకాలు. మా జిల్లాలోని సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు గారు 'కీచకవధ' ఆడించడంతో సురభి నాటక సమాజం మొదలయింది. వారు మరాఠా మూలాలున్న తోలుబొమ్మలాట కుటుంబాలవారు. దానికి కొద్ది సంవత్సరాల ముందే ధార్వాడ నాటక సమాజంవారు తెలుగు దేశానికి వచ్చి ఆటలు ఆడి వెళ్ళారు. వారు వెళ్ళారు గాని వారి వరసలు వెళ్ళలేదు. బేహాగ్, జంఝూటి, భీంపలాస్, హిందుస్తానీ కాపీ - ఇవన్నీ మన రంగస్థలం మీద పద్యాల్లో స్థిరపడ్డాయి. హరిశ్చంద్రుడు కాటిలో ఏడ్చినా, శ్రీకృష్ణుడు రాయబారానికి వెళ్ళినా హార్మోనియం మెట్ల మీద సగం ఉత్తరాది రాగాలే పలికేవి. తెల్లవార్లూ చాపల మీద కూర్చుని ఆ పద్యాలకు 'వన్స్ మోర్' కొట్టిన వారికి మాల్కౌన్స్ ఎలా కొత్తవుతుంది?

మా మేనమామ ఒకాయన నాటకాలకు హార్మోనిస్టుగా వెళ్ళేవాడు. కాలి హార్మోనియం ఎడ్లబండి మీద వేసుకుని జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, తాడిపత్రి తిరిగేవాడు. చదివింది అయిదో తరగతి. ఏ పాట విన్నా రెండు నిమిషాల్లో మెట్ల మీద పట్టి, "ఇది ఫలానా రాగం, ఇక్కడ దొంగస్వరం ఒకటి వేసినాడు" అని తేల్చేసేవాడు. హార్మోనియంలో గమకం పలకదు. స్వరం మీద నిలబడవలసిందే. అందువల్లనే కాబోలు ఆయనకు త్యాగరాయ కీర్తనలకంటె హిందీ పాటలే వేళ్ళకు తొందరగా వచ్చేవి. సినిమా వారికీ యించుమించు యిదే చిక్కు గదా! ఇరవై వయొలిన్లు ఒక్కసారిగా పలకవలసినప్పుడు అందరూ ఒక్క తీరున ఊగే గమకాన్ని సాధించడం కష్టం. తిన్నగా నిలిచే స్వరమైతే వాద్యబృందానికి సుఖం. హిందుస్తానీ బాణీ సినిమాకు అంతగా అతికిపోవడానికి నాకు కనిపించే కారణాల్లో యిదొకటి.

ఇక్కడ మన ఆకాశవాణి వారి ఘనకార్యం రెండు ముక్కల్లో చెప్పాలి. వారు హార్మోనియాన్ని 1940లోనే బహిష్కరించారు. అది భారతీయ సంగీతానికి పనికిరాదన్నారు. ఆ నిషేధం మూడు దశాబ్దాలు నడిచింది. 1952లో సమాచార శాఖ మంత్రిగా వచ్చిన శ్రీ బి.వి. కేస్కర్ సినిమా పాటలను రేడియో గుమ్మం దాటించారు. అవి శాస్త్రీయ సంగీతాన్ని పాడుచేస్తున్నాయని ఆయన అభిప్రాయం. మా వేములకు వున్నవే యిద్దరు సంగీత గురువులు - హార్మోనియం, సినిమా పాట. ఇద్దరికీ రేడియోలో ప్రవేశం లేదు! 'బైజూ బావ్‌రా' విడుదలయింది కూడా ఆ 1952లోనే. దర్బారీ, తోడి, దేశీ, మాల్కౌన్స్ రాగాలను దేశమంతటి నోళ్ళలో వేసిన పాటలు శాస్త్రీయ సంగీతం పేరుతోనే గుమ్మం బయట నిలబడ్డాయి. జనం ఏం చేశారు? ముల్లు తిప్పి రేడియో సిలోను పట్టుకున్నారు. బినాకా గీత్‌మాలా ఆ సంవత్సరం చివరనే మొదలయింది. చివరకు 1957 అక్టోబరులో వివిధభారతి పుట్టించి, ఆకాశవాణి వారే సినిమా పాటలకు పీట వేయవలసివచ్చింది.

మా ఊళ్ళో అప్పటికి బ్యాటరీ రేడియో వున్నది ఒక గనుల వ్యాపారి యింట్లో. మిద్దె మీద రెండు వెదురుగడలు పాతి వాటి నడుమ ఏరియల్ తీగ కట్టారు. రాత్రి భోజనాలయ్యాక పిల్లలమంతా ఆ యింటి అరుగు మీద చేరేవాళ్ళం. మా అక్కయ్య కూడా వచ్చేది, చేతిలో ఒక రెండణాల నోటుపుస్తకంతో.

అక్కయ్యకు సంగీతం నేర్చుకోవాలని ప్రాణం. నేర్పించేవారు లేరు. వున్నా మా నాయన పంపేవారు కారు. ఆడపిల్లను ప్రొద్దుటూరుకు పంపి పాటలు నేర్పించడమా అని ఆయన వాదం. సినిమా పాట అంటే మరీ మంట. కాని 'మన్ తడ్‌పత్' పాటకు మాత్రం ఆయన అడ్డు చెప్పలేకపోయారు. హరి దర్శనం కోసం పరితపించే భజన గదా! ఆ పాట వ్రాసినవాడు షకీల్ బదాయూనీ, వరస కట్టినవాడు నౌషాద్, పాడినవాడు రఫీ - ముగ్గురూ ముసల్మానులే అని మా మామ చెప్పినప్పుడు మా నాయన కాసేపు మాట్లాడలేదు. "అయితే యింకోసారి పెట్టమను" అన్నారు. ఆ సందునించే అక్కయ్య చదువు సాగింది.

ఆ నోటుపుస్తకంలో ఎడమవైపు పాట, దాని ఎదురుగా హిందుస్తానీ రాగం, కుడివైపు చివరన మన రాగం. రాగం తేల్చేవాడు మామ. ఆయన పద్ధతి ఒకటి నాకు బాగా నచ్చేది. పాట మొత్తం పాడనిచ్చేవాడు కాడు. "మాటలు తీసేయ్. తాళం తీసేయ్. ఇంక మిగిలిందేందో అది పాడు" అనేవాడు. మాటలూ తాళమూ పోయాక కూడా నిలబడిన స్వరాల దారి ఏదుందో అదే రాగం. ఒకసారి ప్రొద్దుటూరులో బంధువుల పెళ్ళికి వెళ్ళాం. సన్నాయి విద్వాంసుడు తలంబ్రాల తరువాత నెమ్మదిగా ఒక రాగం ఎత్తుకున్నాడు. ఆడవాళ్ళ మధ్య కూర్చున్న అక్కయ్య ఉండబట్టలేక "ఇది రఫీ పాట రాగమే!" అనేసింది. పెద్దలు నవ్వారు. మా నాయన కళ్ళెర్రజేశారు. సన్నాయి ఆయన మాత్రం వాద్యం దించి, "పాప చెప్పింది నిజమేనయ్యా, హిందోళమే. మంచి చెవి. చదువు చెప్పించండి" అన్నాడు. చదువు చెప్పించలేదు. 1962లో పెళ్ళి చేసి జమ్మలమడుగు పంపించారు. పుస్తకం ట్రంకుపెట్టెలో వెంట వెళ్ళింది.

మూడున్నర నిమిషాల ప్లేటులో రాగం ఏపాటి పడుతుందని పండితులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. గంటసేపు ఆలాపన చేసినా తరగని దర్బారీని కుక్కబొమ్మ ప్లేటు ఒక వైపున ఇరికించాలంటే ఏది వుంచాలి, ఏది వదలాలి? మంచి సంగీత దర్శకుడు రాగం ముఖాన్ని మొదటి పంక్తిలోనే చూపిస్తాడు. 'ఓ దునియా కే రఖ్‌వాలే' పాటలో నౌషాద్ చేసినది చూడండి. మొదట కింది స్వరాల్లో మెల్లగా నడిపించి, చివరికి వచ్చేసరికి రఫీ గొంతును తారస్థాయికి ఎక్కించి వదిలేస్తాడు. కచేరీలో దర్బారీ లోతుకు దిగుతుంది. ఈ పాట పైకి ఎగురుతుంది. అది నిండు దర్బారీ కాదని నేనూ ఒప్పుకుంటాను. కాని ఆ పాట విన్నవాడికి ఏనాడైనా నిండు దర్బారీ ఎదురుపడితే, "వీరిని ఎక్కడో చూశానే" అని లేచి నిలబడతాడు. మనకు దర్బారీ కానడ అంటే 1961 నాటి 'జగదేకవీరుని కథ'లో పెండ్యాల గారు కట్టగా ఘంటసాల గారు పాడిన 'శివశంకరీ'యే గదా! చిత్రం ఏమంటే, రెండు కథల్లోనూ పాట విని రాయి చలిస్తుంది.

'బైజూ బావ్‌రా'లో మరొక సాహసం కూడా చేశారు. తాన్‌సేన్‌కూ బైజూకూ పోటీ సన్నివేశంలో నేపథ్య గాయకులను కాదని ఉస్తాద్ అమీర్‌ఖాన్‌నూ పండిత డి.వి. పలుస్కర్‌నూ పాడించారు. దేశీ రాగంలో సాగే ఆ పాట కోసం సినిమాకు వెళ్ళినవారు సంగీత సభకూ వెళ్ళివచ్చారన్న మాట. పలుస్కర్ ఆ తరువాత మూడేళ్ళకే, 1955లో, చిన్న వయసులో కన్నుమూశారు. 'మొగలే ఆజం'(1960)కు బడే గులాం అలీఖాన్ గారిని ఒప్పించిన కథ అందరూ చెప్పుకునేదే. వద్దనిపించుకోవడానికి ఆయన పాటకు పాతికవేలు అడిగారట, దర్శకుడు ఆసిఫ్ సరేనన్నాడట! 1956లో వచ్చిన 'బసంత్ బహార్' కథ యింకా తమాషా. భీమ్‌సేన్ జోషీ గారితో పోటీ పాట పాడి గెలవాలని చెప్పేసరికి మన్నాడే గారికి గుండెలు జారాయి. ఊరు విడిచి పారిపోదామనుకున్నానని ఆయనే తరువాత చెప్పుకున్నారు. చిత్రంలో శంకర్ జైకిషన్‌ల సంగీతం ఎంత గొప్పదో గాని, మా ప్రాంతంవారికి దాని మీద మరో మమకారం వుండాలి. ఆ కథకు ఆధారం మన పొరుగున చిత్రదుర్గం సంగీతకారుడి కథగా త.రా.సు. గారు కన్నడంలో వ్రాసిన 'హంసగీతె' నవల.

రాగం దక్షిణాదినుంచి బొంబాయికి నడిచివెళ్ళిన దారులూ వున్నాయి. దీక్షితులవారి 'వాతాపి గణపతిం' మూలంగా మనకు హంసధ్వని యింటి దీపం. భెండీబజార్ ఘరానాకు చెందిన అమాన్ అలీఖాన్ దాన్ని హిందుస్తానీలోకి తీసుకున్నారు. 1956లో 'పరివార్' చిత్రానికి సలీల్ చౌధురీ ఆ రాగంలోనే లతా, హేమంత్‌కుమార్‌ల చేత యుగళగీతం పాడించారు. ఆ పాట మొదలు వింటుంటే వినాయక చవితి నాటి పూజగది జ్ఞాపకం వస్తుంది నాకు; పాటలో వున్నది మాత్రం కృష్ణుడి మీద అలక!

ఇప్పుడు అసలు సంగతి. 1955 సంక్రాంతికి విజయావారి 'మిస్సమ్మ' వచ్చింది. నిర్మాత నాగిరెడ్డి గారూ, ఆయన అన్న బి.ఎన్. రెడ్డి గారూ మా పులివెందుల ప్రాంతపు బిడ్డలు. అన్నగారికి 1974లోనూ తమ్ముడు గారికి 1986లోనూ దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం దక్కింది. మా శెనక్కాయ చేల మధ్యనుంచి వెళ్ళినవారికి అది సామాన్యమా! 'మిస్సమ్మ'లో సాలూరు రాజేశ్వరరావు గారు శుద్ధసావేరిలో 'బృందావనమది' పాట కట్టారు; ఎ.ఎం. రాజా, సుశీల పాడారు. రెండేళ్ళకు, 1957లో, ఎ.వి.యం. వారు అదే కథను ఎల్.వి. ప్రసాద్ గారి దర్శకత్వంలోనే హిందీలో 'మిస్ మేరీ'గా తీశారు. సంగీతం హేమంత్‌కుమార్. ఆయన బెంగాలీ, స్వయంగా గొప్ప గాయకుడు. కొత్త వరస కట్టలేక కాదు. కాని ఆ ఒక్క పాటకూ తెలుగు వరసనే వుంచేశారు. లతా, రఫీ పాడారు. ఉత్తరాదివారు దాన్ని విని "ఆహా, దుర్గ రాగం!" అన్నారు. వినండి, మన శుద్ధసావేరే పేరు మార్చుకుని తిరుగుతోంది.

ఆ 1957లోనే రెండో ముచ్చట. అంజలీ పిక్చర్స్ 'సువర్ణసుందరి'కి ఆదినారాయణరావు గారు సంగీతం చేశారు. ఘంటసాల, జిక్కి పాడిన 'హాయిహాయిగా ఆమని సాగే' పాట విననివారెవరు? సోహిని, బహార్, జోన్‌పురి, యమన్ - నాలుగు రాగాల మాలిక. ఒక రాగంలోంచి మరో రాగంలోకి ఎక్కడ గడప దాటామో తెలియకుండా దాటిస్తారు. అదే చిత్రం హిందీలో వచ్చినప్పుడు వరస అదే, రాగాలూ అవే. భరత్ వ్యాస్ మాటలు వ్రాయగా లతా, రఫీ 'కుహూ కుహూ బోలే కోయలియా' అని పాడారు. హిందీ చిత్రాల రాగమాలికలను చెప్పుకునేటప్పుడు ఉత్తరాదివారే ముందు వరసలో పెట్టే పాట అది. దాన్ని కట్టినవాడు కాకినాడ మనిషి! ఈ మాట చెబితే నమ్మని హిందీవాళ్ళతో నేను రైళ్ళలో ఎన్నిసార్లు వాదించానో లెక్కలేదు. ఇప్పుడైతే ఫోనులో రెండు పాటలూ పక్కపక్కన వినిపించి నోరు మూయించవచ్చు. అప్పట్లో నేనే పాడి చూపించవలసివచ్చేది, దానివల్ల నా వాదం బలహీనపడేది.

వీటిలో ఏది ముందు వినాలని అడిగేవారికి నా సలహా ఒకటే. మొదట 'సామజవరగమన', వెంటనే 'మన్ తడ్‌పత్'. తరువాత మోహన రాగంలో మీకు తెలిసిన ఏదైనా కీర్తన, వెంటనే 'భాభీ కీ చూడియాఁ'(1961)లో సుధీర్ ఫడ్కే కట్టగా లతా పాడిన 'జ్యోతి కలశ్'. అది భూపాలి కాదు, దేశ్‌కార్ అనేవారు కొందరున్నారు; స్వరాలు రెండిటికీ అవే గనుక ఆ తగవులో మనం దూరనక్కరలేదు. ఆ పైన తెల్లవారుజామున చక్రవాకం, దాని వెనుకనే 'మేరీ సూరత్ తేరీ ఆఁఖేఁ'(1963)లో ఎస్.డి. బర్మన్ కట్టగా మన్నాడే పాడిన అహీర్ భైరవ్. రాత్రంతా మేలుకున్నవాడి గొంతు ఎలా వుంటుందో ఆ పాటలో వుంటుంది.

ఆ చివరి పాట అక్కయ్య జమ్మలమడుగులో విన్నది. అదే ఏడు కడపలో రేడియో కేంద్రం తెరిచారు, వారింట్లోనూ రేడియో వచ్చింది. మామ అప్పటికి లేడు. రాగం ఆమే తేల్చుకుని, చక్రవాకమని కుడివైపున వ్రాసి, సరేనా అని నాకు కార్డు వేసింది. నాకేం తెలుసు! ప్రొద్దుటూరులో ఒక సన్నాయి ఆయన్ను పట్టుకుని అడిగి, సరే అని జవాబు వ్రాశాను.

ఆ పుస్తకం ఇప్పటికీ ఆమె దగ్గరే వుంది. అట్టలు పోయాయి, కుట్టు వూడింది. ఈ వ్యాసం కోసం ఫోను చేసి పేజీలన్నీ చదివించుకున్నాను. 'కుహూ కుహూ' పాట ఎదురుగా సోహినికి హంసానంది, జోన్‌పురికి జోన్‌పురే, యమన్‌కు కల్యాణి అని వరుసగా వున్నాయట. బహార్ ఎదుట మాత్రం అరవై ఏళ్ళుగా ఖాళీ. మన పేరు ఏమని వేసుకోవాలి అని నేనడిగాను.

"దానికి మళ్ళా మన పేరొకటి దేనికిరా? బహార్ అనే రాసుకో పో" అన్నది అక్కయ్య.